బకెట్ నిండేలోపు

సైట్లో ఆవిడ అసలు పేరు ఎవరూ పలకరు. అందరికీ ఆవిడ పైనక్క. టవర్ క్రేన్ నడుపుతుంది. పొద్దున్నే ఇనుప నిచ్చెన ఎక్కి ఆ గాజు క్యాబిన్‌లో కూర్చుందంటే మళ్ళీ నేల మీద కాలు పెట్టేది పొద్దువాలాకే. మధ్యాహ్నం తిండి కూడా అక్కడే. తినడానికని దిగి మళ్ళీ ఎక్కితే భోజనం టైమంతా నిచ్చెనకే సరిపోతుంది.

కింద వాళ్ళకి ఆవిడ మనిషి కనపడేది తక్కువ, గొంతు వినపడేది ఎక్కువ. "హుక్కు దిగుతోంది, తలకాయలు జాగ్రత్త నాయనా" అని రేడియోలో అనేది. ఆ 'నాయనా' లేకపోతే ఆ రోజు అక్కకి ఒంట్లో బాగాలేదని లెక్క.

ఇంటి దగ్గర మాత్రం ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. ఈ కొత్త బిల్డింగ్ మొదలైన దగ్గర్నుంచీ అలసట అంటే ఏంటో ఒళ్ళంతా తెలిసొచ్చింది. స్లాబ్ వేసే వారమైతే ఆదివారం కూడా పనే. భర్త స్కూలు బస్సు డ్రైవరు. పిల్లల్ని దింపేసి సాయంత్రానికల్లా ఇంటికొచ్చి పొయ్యి వెలిగించేవాడు. ఆవిడ వచ్చి, స్నానం చేసి, రెండు ముద్దలు తిని, కుటుంబ ప్రార్థనకి కూర్చునేది. అత్తగారు కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకునేది. ఆవిడ కూడా కళ్ళు మూసుకునేది. అవి మళ్ళీ తెరుచుకునేవి కావు.

"అమ్మాయ్, దేవుడి ముందు గురక పెడుతున్నావు" అని అత్తగారు భుజం తట్టేది.

"అది నాది కాదత్తయ్యా, ఆయనది."

"నేను మేలుకునే ఉన్నా. నా మీదకి తోయకు" అనేవాడు భర్త.

నవ్వులాటే గానీ అత్తగారి మనసులో నిజంగానే బాధ ఉండేది. ఒకప్పుడు ఈ కోడలే చర్చిలో స్త్రీల కూడికకి పెద్ద. ప్రతి బుధవారం సాయంత్రం పాటలు, ప్రార్థనలు, ఆ తర్వాత జబ్బుపడిన వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి పలకరింపులు, అన్నీ ఆవిడే చూసుకునేది. ఇప్పుడు పేరుకి పెద్ద. బుధవారాలు వస్తున్నాయి, పోతున్నాయి, ఆవిడ క్రేన్ మీదే ఉంటోంది. "మనకి తిండి పెట్టేది ఉద్యోగమే, కాదనను. కానీ దేవుడికి మిగిలిపోయిన టైమేనా ఇచ్చేది?" అని ఒకసారి అత్తగారు అనేసింది. ఆ మాట ఆవిడకి ముల్లులా దిగింది. నిజమేగా అనుకుంది.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరమ్మ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే పైనక్క సాయానికి వెళ్ళి, ఆ కుర్చీలకేసి చూస్తూనే చెప్పింది.

"కూడిక ఇంకెవరికైనా అప్పజెప్పండి. నా వల్ల కావడం లేదు."

పాస్టరమ్మ వయసులో చిన్నది. చేతిలో కుర్చీ అలాగే పట్టుకుని నిలబడింది. "ఎవరైనా ఏమన్నా అన్నారా అక్కా?"

"ఎవరూ అనలేదు. నాకే ముఖం చెల్లడం లేదు. సాయంత్రం ప్రార్థనకి కూర్చుంటే నిద్రపోతున్నా. అలాంటిదాన్ని నేను ఇంకొకరికి ప్రార్థన గురించి ఏం చెప్తాను?"

"తొందరపడకు. చూద్దాం" అంది పాస్టరమ్మ.

పైనక్క ఆ రోజు చెప్పని సంగతి ఒకటుంది. దాచాలని కాదు, అది చెప్పుకోదగ్గ సంగతని ఆవిడకి తోచలేదు. కాంక్రీటు పోసే రోజుల్లో క్రేన్ పని ఎలా ఉంటుందంటే, కింద కాంక్రీటు కలిపే మిల్లర్ దగ్గర పెద్ద ఇనుప బకెట్‌లో కాంక్రీటు నింపుతారు, ఆవిడ దాన్ని పైకి లేపి స్లాబ్ మీదకి తీసుకెళ్తుంది, అక్కడ ఖాళీ చేస్తారు, మళ్ళీ కిందకి. బకెట్ నిండేదాకా ఆవిడకి చేసే పని లేదు. చేతులు లివర్ల మీద, కళ్ళు కింద. ఆ కాస్త ఖాళీలో ఆవిడ దేవుడితో మాట్లాడేది. పైకే, గట్టిగానే. క్యాబిన్‌లో వినేవాళ్ళెవరు? కింద చొక్కా గుండీలంత కనపడే హెల్మెట్లని ఒక్కొక్కటీ చూస్తూ, ఆ హెల్మెట్ కింద ఉన్న మనిషి గురించి తనకి తెలిసిందంతా చెప్పుకుపోయేది. బకెట్ నిండగానే 'ఇప్పటికి ఉంటాను ప్రభువా' అని లివర్ లాగేది. దాన్ని ఆవిడ ప్రార్థన కింద జమ వేసుకోలేదు. ప్రార్థనంటే మోకాళ్ళ మీద కూర్చుని, తల మీద కొంగు వేసుకుని చేసేదని ఆవిడ లెక్క.

తర్వాత ఒక రోజు ముసురు పట్టి వదిలింది. క్యాబిన్‌లోకి చెమ్మ చేరింది. సిమెంటు దుమ్ము, ఆ చెమ్మ కలిసి పట్టేయడంతో, రేడియోలో నొక్కి మాట్లాడే బటన్ లోపలికి పోయి అక్కడే బిగుసుకుపోయింది. ఆవిడ "దింపుతున్నా నాయనా" అని వదిలేసింది. బటన్ వదల్లేదు.

బకెట్ మిల్లర్ దగ్గరికి చేరింది. పైనక్క మొదలుపెట్టింది.

"ప్రభువా, మళ్ళీ నేనే. మన సిగ్నలాయన భార్యకి నెలలు నిండాయి. పైకి నవ్వుతున్నాడు గానీ లోపల హడలిపోతున్నాడు. నిన్న చెయ్యి ఎడమకి ఊపి నోటితో కుడి అన్నాడు. తల్లినీ బిడ్డనీ నువ్వే చూసుకో, ఈయన్ని నేను చూసుకుంటా."

కింద రేడియోలు పట్టుకున్న ప్రతివాళ్ళ దగ్గరా ఆ గొంతు ఖణీమని మోగింది. చేతులూపి క్రేన్‌కి దారి చూపే సిగ్నలాయన నోరు తెరిచి పైకి చూశాడు.

"ఇక్కడ ఇచ్చే టీని దీవించు ప్రభువా. నీళ్ళని ద్రాక్షారసం చేసినవాడివి, ఆ నీళ్ళని కనీసం టీ చెయ్యి."

స్లాబ్ మీద కడ్డీలు కట్టేవాళ్ళు పళ్ళికిలించారు. సిగ్నలాయన మాత్రం రెండు చేతులూ ఊపుతున్నాడు, ఆపు అక్కా, ఆపు అక్కా అని. ఆవిడ దాన్ని బకెట్ ఆపమనే సిగ్నల్ అనుకుంది. అది ఆగే ఉంది కదా అనుకుని కొనసాగించింది.

"మా ఉరుముగారు." అది సూపర్‌వైజరుకి సైటంతా పెట్టుకున్న పేరు, ఆయన అరుపులకి. ఆయన ముందు ఎవరూ అనరు. "పాపం, ఆయన మోకాలు బాగా నొప్పెడుతోంది. ఎవరికీ చెప్పడం లేదు. ఆ నొప్పంతా మా మీద అరుస్తున్నాడు. రోజూ మధ్యాహ్నం ఇనప కడ్డీల గుట్ట వెనక్కి వెళ్ళి ఎవరికో ఫోను చేస్తాడు. అవతల ఎత్తరు. అలా చెవి దగ్గర పెట్టుకునే నిలబడతాడు. ఎవరో నాకు తెలీదు, నీకు తెలుసు. వాళ్ళు ఒక్కసారి ఎత్తేలా చూడు ప్రభువా."

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

"మిల్లరాయన మళ్ళీ తాగాడు. మానేశానని నాతో చెప్పి ఎంత సంతోషపడ్డాడో నువ్వు చూశావుగా. నిన్న మళ్ళీ మొదలు. ఇవాళ నాకేసి చూడటం లేదు, సిగ్గుపడుతున్నాడు. ఆయన్ని వదిలెయ్యకు. మా అత్తయ్య మాటలకి నాకు కోపమొస్తోంది. నా కోపమైనా తీసెయ్యి, ఆవిడ మాటలైనా తగ్గించు, ఏది సులువైతే అది. మా ఆయన పొద్దస్తమానం బస్సు తోలి, ఇంటికొచ్చి గరిటె పట్టుకుంటున్నాడు. ఒక్క మాట అనడు. ఆయన అలా ఏమీ అనకపోతే నాకు ఏడుపొస్తుంది. నా సంగతంటావా, కూడిక వదిలేస్తానని చెప్పేశాను. నీకు టైమే ఇవ్వలేకపోతున్నా. నన్ను తప్పుగా అనుకోకు. ఆమెన్."

కళ్ళు తుడుచుకుని కిందకి చూసింది. హెల్మెట్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ప్రతి ముఖమూ పైకెత్తి ఉంది. మిల్లర్ తిరుగుతోంది గానీ దాని దగ్గర మనిషి లేడు. ఏదో ప్రమాదం జరిగిందనుకుంది. గబుక్కున రేడియో అందుకుంది. ఆ కుదుపుకి బటన్ టక్కుమని పైకి లేచింది.

అవతల్నుంచి ఎవరిదో సన్నటి గొంతు వచ్చింది. "ఆమెన్."

ఆ వెంటనే సూపర్‌వైజరు గొంతు. ఉరమలేదు. "పైనక్కా, కాంక్రీటు గట్టిపడుతుంది. ముందు పని చూడు."

అప్పుడర్థమైంది ఆవిడకి. తల తీసేసినట్టయింది. ఆ రోజు మిగిలిన బకెట్లన్నీ ఎలా పైకెక్కించిందో ఆవిడకే తెలీదు. 'నాయనా' అనే మాట ఒక్కసారి కూడా రేడియోలో వినపడలేదు.

సాయంత్రం నిచ్చెన దిగేసరికి సిగ్నలాయన కింద కాచుకుని ఉన్నాడు. "అక్కా, ఎడమ కుడి సంగతి మా ఇంట్లో చెప్పొద్దు, చచ్చి నీ కడుపున పుడతా" అని నవ్వించబోయాడు. కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "సారు ఆఫీసులోకి రమ్మన్నారు."

ఆఫీసంటే ఒక ఇనప కంటెయినరు, ఒక బల్ల, గోడకి డ్రాయింగులు. సూపర్‌వైజరు కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడని చూసి కాలు లోపలికి తీసుకోబోయి, ఇంకేముందిలే అన్నట్టు అలాగే వదిలేశాడు.

"నా మోకాలి సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. పైనుంచి కనపడుతుంది. మెట్ల దగ్గరికొచ్చాక ఆగిపోయి, ఫోను చూసుకుంటున్నట్టు నిలబడతారు."

"ఫోను మా అమ్మాయికి" అన్నాడు ఆయన. "అది సరే. రేడియో ఉన్నది పని కోసం. సిగ్నల్ అందకపోతే మనుషులు పోతారు. తెలుసుగా?"

"తెలుసు సార్. తప్పయిపోయింది."

"రేపు కొత్త రేడియో ఇస్తారు. మిల్లరాయన్ని మిషను మీంచి తీసేశాను. తాగేవాణ్ణి మిషను దగ్గర ఎలా ఉంచను? స్టోర్లో పెట్టా. డాక్టరు దగ్గరికి వెళ్ళి, బాగున్నాడని చెప్పిస్తే మళ్ళీ ఇస్తా."

తన ఉద్యోగం పోయినా ఆవిడ అంత బాధపడేది కాదేమో. గుమ్మం దాకా వెళ్ళాక ఆయన వెనకనుంచి అన్నాడు. "ఆ ప్రార్థన... నోరు మూసుకుని చేసుకుంటే నేనేం వద్దనను."

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పింది. భర్త టీ సంగతి దగ్గర మొదలుపెట్టిన నవ్వు ఆపలేక గరిటె కింద పెట్టేశాడు. తన గురించి చెప్పిన చోటికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయి, పొయ్యి వైపు తిరిగి మంట తగ్గించాడు. అది తగ్గించాల్సినంత పెద్దగా ఏమీ లేదు.

అత్తగారు మొదట్నుంచీ నవ్వలేదు. "ఎప్పుడెప్పుడు చేస్తావు ఇలా?" అంది.

"బకెట్ నిండేలోపు అత్తయ్యా."

"రోజూనా?"

"కాంక్రీటు ఉన్న రోజు ప్రతి బకెట్‌కీ. లేని రోజు గాలి ఎక్కువై క్రేన్ ఆపేస్తే అప్పుడు."

అత్తగారు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నా గురించి కూడానా?"

"మీ గురించే ఎక్కువ."

"ఎందుకూ, అంత పాపం చేశానా?" అంది అత్తగారు. అని, కోడలి పళ్ళెంలో ఇంకొంచెం వడ్డించింది. ఆ రాత్రి ప్రార్థనలో కోడలికి కునుకు పడితే ఎవరూ భుజం తట్టలేదు.

కానీ మిల్లరాయన సంగతి అంత తేలిగ్గా తేలలేదు. ఆయన నడివయసు మనిషి, మిషను దగ్గర రాజులా ఉండేవాడు. ఇప్పుడు స్టోర్లో మేకుల డబ్బాలు, తాళ్ళ చుట్టలు సర్దుతున్నాడు. పైనక్క మధ్యాహ్నం భోజనానికి కిందికి దిగడం మొదలుపెట్టింది. దిగి, స్టోరు ముందు సిమెంటు బస్తా మీద కూర్చుని డబ్బా విప్పేది. ఆయన లోపలికి వెళ్ళిపోయేవాడు. ఆవిడ తినేసి మళ్ళీ నిచ్చెనెక్కేది. మర్నాడు మళ్ళీ దిగేది. మోకాళ్ళు పట్టేశాయి. సూపర్‌వైజరుని చూస్తే ఇప్పుడు మరీ జాలేసేది.

ఒక రోజు మిల్లరాయన లోపలికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. "నీకు చెప్పింది దేవుడికి చెప్తావని. సైటుకి చెప్పమని కాదు."

"అవును. తప్పు నాదే."

"అందరూ నన్ను చూసి జాలిపడుతున్నారు. అది తిట్టుకంటే ఎక్కువ మంటగా ఉంది."

"అవును" అంది మళ్ళీ. దేవుడు అలా రాసిపెట్టాడని అనొచ్చు, అనలేదు.

ఆయన బస్తా అవతలి అంచున కూర్చున్నాడు. "తాగుడు మాన్పించే డాక్టరు బుధవారం సాయంత్రమే ఉంటాడట. సారు వెళ్ళమన్నాడు. మా ఆవిడ ఎన్నాళ్ళనుంచో బతిమాలుతోంది. నాకే..." చెయ్యి గాల్లో ఊపి ఊరుకున్నాడు.

"నేను వస్తా."

"నువ్వెందుకు?"

"దారిలో నువ్వు పారిపోకుండా."

ఆయన నవ్వకూడదని గట్టిగా పెదాలు బిగించాడు గానీ ఆగలేదు.

ఆవిడ వెళ్ళి అడిగితే సూపర్‌వైజరు ఒప్పుకున్నాడు. బుధవారాలు ఇద్దరూ ముందుగా వెళ్ళండి, ఆవిడ బదులు రెండో షిఫ్టు ఆపరేటరుని తొందరగా రప్పిస్తానన్నాడు. అప్పుడు తట్టింది ఆవిడకి. ఇన్నాళ్ళూ దేనికోసమైతే అల్లాడిపోయిందో, ఆ బుధవారం సాయంత్రం చేతికొచ్చింది. కూడికకి వెళ్ళొచ్చు. కానీ ఉన్న ఒక్క సాయంత్రాన్ని రెండుగా చీల్చడం కుదరదు.

పాస్టరమ్మకి ఫోను చేస్తే, సాయంత్రం తనే ఇంటికి వచ్చింది. భర్త మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. పైనక్క అంతా చెప్పి, "మళ్ళీ వదిలేయడమే అవుతోంది" అంది.

"వెళ్ళక్కా, ఆయనతో వెళ్ళు" అంది పాస్టరమ్మ ఆలోచించుకోకుండానే. "మన కూడికలో ఇద్దరు ఆడవాళ్ళు మొగుళ్ళ తాగుడుతో ఇదే బాధ పడుతున్నారు. డాక్టరు ఏం చెప్తాడో నువ్వు తెలుసుకునొస్తే, వాళ్ళకి నా పాటల కంటే అదే ఎక్కువ పనికొస్తుంది. కూడిక మాటంటావా..." అని మూల కూర్చుని చెవులు ఇటే పడేసిన అత్తగారి వైపు తిరిగింది. "అమ్మగారూ, మీరు నడిపించకూడదూ?"

"నేనా?" అత్తగారు ఉలిక్కిపడింది. "నాకెందుకమ్మా. నేను ముసలిదాన్ని. నా గొంతు బాగోదు. నాకు ఎదురుచెప్తే పడదు."

"అది మాకు తెలుసమ్మా" అన్నాడు కొడుకు.

"నువ్వూరుకోరా." అత్తగారు పాస్టరమ్మకేసి తిరిగింది. "ఆ చివరి వరస వాళ్ళు ఆలస్యంగా వస్తారు. నేనైతే ఊరుకోను."

"ఊరుకోవద్దు."

"పగలంతా ఖాళీగానే ఉంటాను. జబ్బుపడిన వాళ్ళ ఇళ్ళకి పొద్దున పూటే వెళ్ళి రావచ్చు. ఈ అమ్మాయి పాపం పొద్దుపోయాక వెళ్ళేది, వాళ్ళకి నిద్ర టైము." ఆవిడ అలా అంటూనే లేచి, లోపలికెళ్ళి బీరువాలోంచి బయటికి కట్టుకునే చీరలు ఒక్కొక్కటీ తీసి చూసుకుంటోంది. ఇన్నాళ్ళూ దేవుడికి టైమివ్వడం లేదని కోడల్ని అన్న మాటల వెనక, నాకూ ఏదైనా పని చెప్పండి అనే మాట ఉందని పైనక్కకి అప్పుడు తెలిసింది. అడగాలని ఎవరికీ తోచలేదు.

ఆ బుధవారం ముగ్గురూ వెళ్ళారు, మిల్లరాయన, ఆయన భార్య, పైనక్క. ఆసుపత్రి వరండాలో పొడవాటి బెంచీ మీద కూర్చున్నారు. భార్య ఆయన చెయ్యి ఒకటి పట్టుకుంది. రెండో చేతిని ఆయన మోకాలి కింద దాచుకున్నాడు. పైనక్క, వాళ్ళని లోపలికి పిలిచేదాకా పక్కనే కూర్చుంది, పిలిచాక గుమ్మం బయట నిలబడింది, తిరిగొచ్చాక బస్సు ఎక్కించింది. అంతకంటే ఆ సాయంత్రం ఆవిడ చేసిన సేవ ఏమీ లేదు.

మిల్లరాయన మధ్యలో ఒకసారి మళ్ళీ తాగాడు. మర్నాడు తనే స్టోరు ముందుకొచ్చి ఆ మాట ఆవిడతో చెప్పాడు. మళ్ళీ వెళ్ళారు. కొంతకాలానికి డాక్టరు సరే అన్నాడు, మిషను ఆయనకి తిరిగొచ్చింది. సిగ్నలాయనకి ఆడపిల్ల పుట్టింది. పైకి రేడియోలో చెప్తూ ఏడ్చేశాడు, సూపర్‌వైజరు పని మాటలు తప్ప వద్దని ఆ ఒక్కసారి అనలేదు. ఆ సూపర్‌వైజరే ఇప్పుడు మోకాలికి పట్టీ కట్టుకుని తిరుగుతున్నాడు. ఫోను సంగతి ఏమైందో ఆవిడ అడగలేదు. అడగకుండానే రోజూ దేవుడికి చెప్పుకుంటోంది, నోరు మూసుకుని.

అత్తగారి కూడికకి ఇప్పుడు ఎవరూ ఆలస్యంగా రావడం లేదు.

ఒక ఆదివారం మళ్ళీ స్లాబ్ పని పడింది. పైనక్క పొద్దున్నే బూట్లు వేసుకుంటూ, గుమ్మంలో కూర్చుని దిగులుగా ముఖం పెట్టింది. ఈ వారం కూడా ఆరాధన లేదు. అత్తగారు వంటింట్లోంచి వచ్చి భోజనం డబ్బా ఒళ్ళో పెట్టింది.

"అలా కూర్చుంటే బస్సు పోతుంది. వెళ్ళు. చర్చిలో నేనుంటాను."

"ఏం వాక్యం చెప్పారో సాయంత్రం చెప్తారా అత్తయ్యా?"

"చెప్తాలే. నువ్వు మేలుకుని ఉంటే."

"ఉండదు" అన్నాడు భర్త లోపల్నుంచి.

"ఉండకపోతే పొద్దున చెప్తాను. ముందు ఆ తాడు సరిగ్గా కట్టుకో, పైన కాలు జారేవు" అని అత్తగారు కిందికి వంగి, కోడలి బూటు తాడు తనే గట్టిగా ముడి వేసింది.